మెదడు రక్తనాళాల కొలత: స్కాన్ రిపోర్టులోని మిల్లీమీటర్లు, శాతాలు ఏం చెప్తాయి?

గోదావరిఖనిలో ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోతే ఇంట్లో పెద్దవాళ్లు ‘ఫాలిజ్ గిర్ గయా’ అంటారు. పక్కింటివాళ్లు ‘మెదడులో నరం బ్లాకయిందంట’ అంటారు. ఉర్దూలో ‘దిమాగ్ కీ నస్’, తెలుగులో ‘నరం’, రెండు భాషల్లోనూ అదే పొరపాటు. నరం అంటే సంకేతాలు మోసే తీగ. మూసుకుపోయేది, చిట్లేది నరం కాదు, రక్తం మోసే ధమని. ఈ తేడా తెలియక న్యూరాలజిస్టు రాసిన యాంజియోగ్రామ్‌ను ‘నరాల పరీక్ష’ అనుకుని, చేతులకు కరెంటు పెట్టి చేసే పరీక్ష చేయించుకొచ్చేవాళ్లు కూడా ఉంటారు.

ఆ ధమనులను కొలిచిన రిపోర్టు చేతికొచ్చాక అసలు గాభరా మొదలవుతుంది. ‘రైట్ ఎమ్‌సీఏలో 70 శాతం స్టెనోసిస్’, ‘లెఫ్ట్ వెర్టిబ్రల్ ఆర్టరీ హైపోప్లాస్టిక్’, ‘ఫీటల్ పీసీఏ’, ‘4 ఎంఎం అన్యూరిజం’. నాలుగూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి, చదివేవాళ్లకు నాలుగూ ఒకేలా భయం పుట్టిస్తాయి. కానీ వీటిలో రెండు చాలాసార్లు పుట్టుకతో వచ్చిన తేడాలు మాత్రమే. ఒకటి మందులతో పట్టుగా చూసుకోవాల్సిన జబ్బు. ఇంకొకటి ఎక్కువమందిలో కనిపెట్టుకుని ఉండాల్సిన విషయం. ఏది ఏదో తెలియాలంటే ఈ కొలతలు ఎట్లా తీస్తారో, దేనితో పోలుస్తారో కొంత తెలుసుకోవాలి.

పుర్రె లోపలి దారులు

మనిషి మెదడు బరువు సుమారు 1.4 కిలోలు, ఒంటి బరువులో దాదాపు 2 శాతం. కానీ గుండె పంపే రక్తంలో 15 నుంచి 20 శాతం దానికే వెళ్తుంది. నిమిషానికి దాదాపు 750 మిల్లీలీటర్లు. ఇంత రక్తం నాలుగు దారుల్లో పైకి ఎక్కుతుంది. మెడ ముందు భాగంలో రెండు ఇంటర్నల్ కరోటిడ్ ధమనులు, వెనక వెన్నుపూసల రంధ్రాల గుండా రెండు వెర్టిబ్రల్ ధమనులు. వెనక రెండూ పుర్రెలోకి వచ్చాక కలిసి బేసిలార్ అనే ఒకే ధమని అవుతాయి. ముందు దారులు, వెనక దారి మెదడు అడుగున సన్నని కలుపు నాళాలతో జతపడి ఒక వలయంగా ఏర్పడతాయి. దాన్నే సర్కిల్ ఆఫ్ విల్లిస్ అంటారు.

గని ప్రాంతం వాళ్లకు ఈ వలయం సంగతి సులువుగానే అర్థమవుతుంది. భూగర్భ గనిలో దిగే మనుషులు పైకి రావడానికి కనీసం రెండు దారులుండాలన్నది బొగ్గు గనుల నిబంధన. ఒక దారి కూలితే రెండోది ఉంటుంది. మెదడు అడుగునున్న వలయం పని కూడా అదే. ఒక కరోటిడ్ మెల్లగా మూసుకుపోయినా, అవతలి వైపు నుంచీ వెనక నుంచీ రక్తం చుట్టూ తిరిగి రాగలదు. రెండో దారి వెడల్పుగా ఉన్నవాడు ఒక ధమని పూర్తిగా మూసుకున్నా నడుచుకుంటూ ఆస్పత్రికి వస్తాడు. అది పుట్టుకతోనే సన్నగా ఉన్నవాడికి అదే మూత పెద్ద పక్షవాతం అవుతుంది. కలుపు నాళాలను కూడా కొలిచేది అందుకే.

కొలతలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. పుర్రెలోకి వచ్చిన కరోటిడ్ వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. దాని నుంచి పక్కకు చీలే మిడిల్ సెరిబ్రల్ ధమని, రిపోర్టుల్లో ఎమ్‌సీఏ, 2.5 నుంచి 3. పక్షవాతం కేసుల్లో ఎక్కువగా వినపడే పేరు ఇదే. ముందుకు వెళ్లే యాంటీరియర్ సెరిబ్రల్, వెనక వెళ్లే పోస్టీరియర్ సెరిబ్రల్ 2 చుట్టుపక్కల, అంటే అగ్గిపుల్ల మందం. బేసిలార్ 3 నుంచి 4. కలుపు నాళాలు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే. సగటున ఆడవాళ్లకు మగవాళ్లకంటే కొంచెం సన్నగా ఉంటాయి.

ఇంత సన్నని గొట్టంలో చిన్న తేడా కూడా పెద్దదే. నున్నటి గొట్టంలో ప్రవాహం దాని వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. పీడనం అంతే ఉండి గొట్టమంతా సగం వెడల్పుకు తగ్గితే, పారేది సగం కాదు, పదహారో వంతు. ధమనిలో ఇరుకు చిన్న ముక్కలోనే ఉంటుంది, చుట్టుపక్కల నాళాలు సర్దుకుంటాయి కాబట్టి లెక్క ఇంత కఠినంగా పనిచేయదు. అయినా సగం ఇరుకు దాటిన తర్వాత ప్రతి అర మిల్లీమీటరుకూ ఎందుకంత విలువో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పుస్తకంలోని బొమ్మ, ఒంట్లోని నాళం

వైద్య పుస్తకాల్లో ఆ వలయం చక్కగా, రెండు వైపులా సమానంగా ఉంటుంది. నిజం మనుషుల్లో అట్లా ఉండదు. శవపరీక్షల్లోనూ స్కాన్లలోనూ చూసిన చాలా అధ్యయనాల్లో సగం మందికి కూడా పుస్తకంలో ఉన్నట్టు పూర్తి వలయం కనపడలేదు. ఒక కలుపు నాళం దారంలా ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. వెర్టిబ్రల్ ధమనుల్లో ఎడమది లావు, కుడిది సన్నం కావడం మామూలు. సన్నదాని వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపుంటే చాలామంది రేడియాలజిస్టులు ‘హైపోప్లాస్టిక్’ అని రాస్తారు. ఆ మాటకు అర్థం ‘పుట్టుకతో చిన్నగా ఏర్పడింది’ అని. ఎండిపోయిందనో, కొవ్వు పట్టిందనో కాదు. ‘ఫీటల్ పీసీఏ’ కూడా ఇట్లాంటిదే. గర్భంలో ఉన్నప్పుడు మెదడు వెనక భాగానికి రక్తం కరోటిడ్ నుంచి వస్తుంది. కొంతమందిలో ఆ ఏర్పాటు పెద్దయ్యాక కూడా అట్లాగే మిగిలిపోతుంది. యాభై ఏళ్ల మనిషి రిపోర్టులో ‘ఫీటల్’ అని చూసి కంగారుపడే కొడుకులకు ఈ ఒక్క మాట ముందే చెప్తే సగం రాత్రి నిద్ర మిగులుతుంది.

పుస్తకాన్ని నమ్మి ఒంటిని చూడకపోవడం వైద్యంలో పాత రోగం. రోమ్‌లో పనిచేసిన జాలీనూస్, అంటే గాలెన్, రెండో శతాబ్దంలో మనిషి మెదడు అడుగున ధమనుల వల ఒకటి ఉంటుందని రాశాడు. అతను కోసి చూసింది పశువులను. గొర్రెకూ మేకకూ ఎద్దుకూ ఆ వల నిజంగానే ఉంది. బక్రీద్ నాడు సిరీ శుభ్రం చేసే చేతుల కిందే అది వెళ్లిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. మనిషికి మాత్రం లేదు. అయినా ఇబ్నె సీనా ‘అల్ ఖానూన్’ సహా పెద్ద గ్రంథాలన్నీ వెయ్యేళ్లకు పైగా జాలీనూస్ మాటనే మోశాయి.

ఆ పెద్దాయన మాటను కళ్లతో చూసి సరిచేయొచ్చని చూపినవాళ్లలో అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ ఒకరు. సుమారు 1200లో ఈజిప్టులో ఘోరమైన కరువు వచ్చినప్పుడు కుప్పలుగా పడివున్న అస్థిపంజరాలను పరీక్షించి, కింది దవడ రెండెముకల జత కాదు, ఒక్కటే ఎముక అని రాశారు. ఎంత గొప్పవాడి మాటైనా కంటి సాక్ష్యం దానికంటే నమ్మదగినదన్నది ఆయన వాదన. ధమనుల వల సంగతి తేలడానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది. 1520ల మొదట్లో ఇటలీలో బెరెంగారియో తనకు అది కనపడలేదన్నాడు, 1543లో వెసాలియస్ లేదని తేల్చాడు. ఆక్స్‌ఫర్డ్ డాక్టర్ థామస్ విల్లిస్ 1664లో మెదడు మీద రాసిన పుస్తకంలో అసలు వలయాన్ని, అది ఏం పని చేస్తుందో వివరించాడు. దానికి బొమ్మలు గీసినవారిలో లండన్ సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ కూడా ఉన్నాడు.

సింగరేణి నిధులతో కట్టి, 2022లో తరగతులు మొదలైన రామగుండం మెడికల్ కాలేజీ, ఇప్పటి సింగరేణి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, వచ్చాక ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో చదివే అనాటమీ పాఠం ఈ ఊళ్లోనే నడుస్తోంది. ఏ మెడికల్ కాలేజీలోనైనా మెదడును తిరగేసి అడుగు చూపించినప్పుడు విద్యార్థులు మొదట వెతికేది ఈ వలయాన్నే. అయితే శవంలో కొలిచిన అంకెనూ, స్కాన్‌లో కొలిచిన అంకెనూ నేరుగా పోల్చకూడదు. ఫార్మలిన్‌లో ఉంచిన నాళం ఖాళీగా, ముడుచుకుని ఉంటుంది. దాన్ని సాధారణంగా బయటి గోడ నుంచి గోడకు కొలుస్తారు. స్కాన్‌లో కొలిచేది రక్తం పారే లోపలి ఖాళీని. రెండు పద్ధతుల అంకెలను ఒకే పట్టికలో పెడితే ఆరోగ్యంగా ఉన్న ధమని కూడా ఇరుకుగా కనపడుతుంది.

కొలిచే పద్ధతులు

మొదట ఒక ముఖ్యమైన సంగతి. ఎమర్జెన్సీలో ముందు తీసే మామూలు సీటీ స్కాన్ ధమనులను కొలవదు. లోపల రక్తస్రావం ఉందా లేదా చెప్పడానికే అది. ‘సీటీ నార్మలే వచ్చింది’ అని నాళాలు బాగున్నాయనుకోవడం తప్పు. పక్షవాతం వచ్చిన మొదటి గంటల్లో రక్తం గడ్డ అడ్డుపడినా సీటీ మామూలుగానే ఉండొచ్చు.

ధమనులు కనపడాలంటే సీటీ యాంజియో చేయాలి. చేతి నరంలోకి, సరిగా చెప్పాలంటే సిరలోకి, అయోడిన్ మందు ఎక్కించి తీస్తారు. నిమిషాల్లో అయిపోతుంది. ముందు క్రియాటినిన్ ఎంతో, కిడ్నీ జబ్బు ఉందో లేదో అడుగుతారు. ఎమ్మార్ యాంజియోలో చాలాసార్లు మందు అక్కర్లేదు, పారే రక్తమే బొమ్మగా వస్తుంది. దీనికో బలహీనత ఉంది. ఇరుకు దగ్గర రక్తం సుడులు తిరిగితే అక్కడ సంకేతం పడిపోయి, ఉన్నదానికంటే ఎక్కువ ఇరుకుగా చూపిస్తుంది. ఎమ్మార్‌లో ‘దాదాపు మూసుకుంది’ అని వచ్చింది సీటీ యాంజియోలో ఓ మోస్తరు ఇరుకుగా తేలడం అరుదేమీ కాదు.

అన్నింటికంటే కచ్చితమైనది డీఎస్‌ఏ. తొడ నుంచో మణికట్టు నుంచో సన్నని గొట్టాన్ని మెడ ధమనుల దాకా పంపి, మందు వదిలి ఎక్స్‌రే తీస్తారు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మొదలుపెట్టిన పద్ధతికి ఇది నేటి రూపం. దీనివల్లే పక్షవాతం వచ్చే ప్రమాదం తక్కువే కానీ సున్నా కాదు, కాబట్టి అందరికీ చేయరు.

నాలుగోది ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. 1982లో రూన్ ఆస్లిడ్ పరిచయం చేశాడు. కణత దగ్గర ఎముక పలచగా ఉన్న చోట అల్ట్రాసౌండ్ పెట్టి రక్తం ఎంత వేగంగా పారుతుందో కొలుస్తారు. నీళ్ల పైపు కొసను వేలితో సగం మూస్తే నీళ్లు దూసుకొస్తాయి కదా, ఇరుకైన ధమనిలోనూ వేగం అట్లాగే పెరుగుతుంది. పెద్దవాళ్ల ఎమ్‌సీఏలో సగటు వేగం సెకనుకు సుమారు 55 సెంటీమీటర్లు. 100 దాటితే ఇరుకుందేమోనని అనుమానిస్తారు. సూది లేదు, రేడియేషన్ లేదు, ఎన్నిసార్లయినా చేయొచ్చు. వయసు మళ్లిన ఆడవాళ్లలో మాత్రం ఎముక మందంగా ఉండి చాలాసార్లు ఏమీ కనపడదు.

ఈ డాప్లర్ పిల్లల్లో చేసిన మేలు వేరే చెప్పుకోవాలి. బొగ్గు ప్రాంతానికి పైనున్న ఆసిఫాబాద్, ఆదిలాబాద్ ఆదివాసీ గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఈ జబ్బున్న పిల్లలకు చిన్న వయసులోనే పుర్రెలోని ధమనులు ఇరుకై పక్షవాతం రావొచ్చు. డాప్లర్‌లో వేగం 200 సెంటీమీటర్లు, లేదా అంతకు పైన వచ్చిన పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే మొదటి పక్షవాతం ముప్పు 92 శాతం తగ్గిందని 1998లో అమెరికాలో ఒక పరిశోధన చూపింది. ఒక్క అంకె ఆధారంగా జబ్బు రాకముందే ఆపగలిగిన ఉదాహరణలు వైద్యంలో ఎక్కువ లేవు.

శాతం అంటే దేనిమీద శాతం?

ఇరుకును శాతంలో ఎందుకు చెప్తారంటే, ధమనులు ఒక్కో మనిషికి ఒక్కో సైజులో ఉంటాయి కాబట్టి. పుర్రెలోని ధమనులకు ఎక్కువమంది వాడే సూత్రం 2005లో ఫలితాలు వెలువడిన వాసిడ్ అనే అమెరికా పరిశోధనలో వాడింది. అన్నింటికంటే ఇరుకైన చోట వెడల్పు ఎంతో చూస్తారు. దానికి ముందు ఆరోగ్యంగా ఉన్న చోట వెడల్పు ఎంతో చూస్తారు. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, ఒకటిలోంచి తీసేస్తే వచ్చేది ఇరుకు శాతం.

లెక్క వేసి చూద్దాం. మంచి భాగం 2.8 మిల్లీమీటర్లు, ఇరుకు భాగం 0.8. ఇరుకు 71 శాతం. అదే మనిషికి ఇంకో రేడియాలజిస్టు ఇరుకు భాగాన్ని 1.0గా కొలిచాడనుకోండి, 64 శాతం. లేదా ఇరుకును 0.8గానే కొలిచి, మంచి భాగాన్ని కొంచెం అవతల, 2.4 ఉన్న చోట తీసుకున్నాడనుకోండి, 67 శాతం. నాళం మారలేదు, రోగి మారలేదు. సీటీ యాంజియోలో ఒక్కో చుక్క సైజే 0.4, 0.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి 0.2 తేడా రావడం ఎవరి తప్పూ కాదు. కిరాణా దుకాణంలో ‘20 శాతం లాభం’ అంటే కొన్న ధర మీదా అమ్మిన ధర మీదా అని అడిగినట్టే ఇక్కడా అడగాలి. రెండు చోట్ల రెండు శాతాలు వస్తే ‘జబ్బు పెరిగింది’ అని అనుకునే ముందు, రెండూ ఒకే పద్ధతిలో, ఒకే చోట కొలిచారా అన్నది చూడాలి.

ఇదంతా ఎందుకంటే 70 శాతం అనేది చికిత్సలో ఒక గీత. దాని పైనున్న ఇరుకును తీవ్రమైనదిగా లెక్కిస్తారు, అక్కడే ‘స్టెంట్ వేద్దామా’ అనే మాట వస్తుంది.

గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు ప్రతి వాడలో ఉన్నారు కాబట్టి మెదడుకూ అంతే అనుకుంటారు. అంతే కాదు. 70 నుంచి 99 శాతం ఇరుకుతో ఇటీవల పక్షవాతమో, దాని తాత్కాలిక రూపమో వచ్చిన 451 మందిపై అమెరికాలో సామ్‌ప్రిస్ అనే పరిశోధన జరిగింది. సగం మందికి మందులు, మిగతా సగానికి మందులతో పాటు స్టెంట్. మొదటి 30 రోజుల్లో పక్షవాతం లేదా మరణం స్టెంట్ వేసినవాళ్లలో 14.7 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5.8 శాతం. 2011లో కొత్తవాళ్లను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. చైనాలో ఇంకా జాగ్రత్తగా ఎంచుకున్న రోగులపై చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో కూడా స్టెంట్ వల్ల అదనపు లాభం కనపడలేదు. మందులు సరిగా వాడుతున్నా మళ్లీ మళ్లీ పక్షవాతం వచ్చే కొద్దిమందికి డాక్టర్లు స్టెంట్ ఆలోచిస్తారు. కానీ రిపోర్టులో 70 అనే అంకె చూడగానే భూమి అమ్మి, బంగారం కుదువపెట్టి హైదరాబాద్ పరుగెత్తాల్సిన పని లేదు. ముందు ఇంకో న్యూరాలజిస్టుకు చూపించొచ్చు.

ఆ పరిశోధనలో మందుల వైపు ఏం చేశారో కూడా చూడాలి. ఆస్పిరిన్‌తో పాటు మొదటి 90 రోజులు క్లోపిడోగ్రెల్, పై బీపీ 140 లోపు, చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 70 లోపు, షుగర్ అదుపు, సిగరెట్ మానడం, వ్యాయామం. ఇవన్నీ రామగుండంలోనే దొరుకుతాయి.

తెలుగు ప్రాంతానికి ఈ సంగతి ఎందుకంత దగ్గరిదంటే, తెల్లజాతి వాళ్లలో ధమనుల్లో కొవ్వు ఎక్కువగా మెడ దగ్గర కరోటిడ్‌లో పడుతుంది, ఆసియా వాళ్లలో పుర్రె లోపలి ధమనుల్లో పడుతుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సుభాష్ కౌల్ బృందం నడిపిన స్ట్రోక్ రిజిస్ట్రీలో కూడా పెద్ద ధమనుల జబ్బు ముందు వరుసలో నిలిచింది, అందులోనూ మెడ కంటే పుర్రె లోపలి నాళాల వాటా ఎక్కువగా కనపడింది. బీపీ, షుగర్ దీనికి ప్రధాన తోడు. కాబట్టి ఇక్కడి రోగికి ‘మెడ డాప్లర్ నార్మల్’ అంటే కథ సగమే.

గని కార్మికులకు మైన్స్ రూల్స్ కింద కనీసం ఐదేళ్లకోసారి జరిగే వైద్య పరీక్షలో బీపీ చూస్తారు. రెండు పరీక్షల మధ్య కాలంలో పెరిగిన బీపీని అది పట్టుకోలేదు. పైగా ఆ పరీక్ష కార్మికుడికి మాత్రమే. ఇంట్లో అమ్మీ బీపీ ఎవరు చూశారన్నది చాలా ఇళ్లలో జవాబు లేని ప్రశ్న.

ఇరుకు తీవ్రంగా ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. ఒంట్లో నీరు తగ్గినా, బీపీ ఒక్కసారి పడిపోయినా ఇరుకు అవతల రక్తం చాలదు. రామగుండం మే నెల ఎండలో ఓపెన్‌కాస్ట్ షిఫ్ట్ చేసేవాళ్లు, మందులు వాడుతూ రంజాన్ రోజా ఉండాలనుకునేవాళ్లు ముందుగానే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. మాత్రలు సెహరీ, ఇఫ్తార్‌లకు మార్చొచ్చో లేదో మందును బట్టి ఉంటుంది. సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం.

అన్యూరిజం

ఇది ఇరుకుకు తిరగబడ్డ జబ్బు. ధమని గోడ ఒకచోట బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. పెద్దవాళ్లలో వందకు సుమారు ముగ్గురికి ఉంటుంది, ఎక్కువమందికి ఉన్నట్టే తెలియదు. తలనొప్పికో, కళ్లు తిరుగుతున్నాయనో స్కాన్ తీస్తే బయటపడుతుంది. సైజు మీద బాగా చెప్పుకునే లెక్క 2003లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనానిది. ముందు వైపు ధమనుల్లో 7 మిల్లీమీటర్ల లోపు ఉండి, అంతకుముందు ఏ అన్యూరిజం చిట్లని వాళ్లలో ఐదేళ్లలో ఒక్కటీ చిట్లలేదు. 7 నుంచి 12 దాకా ఉన్నవాటిలో 2.6 శాతం, 13 నుంచి 24 దాకా 14.5 శాతం చిట్లాయి. వెనక వైపు ధమనుల్లో, పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ దగ్గర ప్రమాదం ఇంకా ఎక్కువ. 7 లోపువి ఎప్పుడూ చిట్లవని కాదు. ఆకారం, ఉన్న చోటు, బీపీ, సిగరెట్, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నవి కూడా డాక్టర్ చూస్తాడు. మళ్లీ స్కాన్ చేసి పెరిగిందా అని చూడటమే చిన్నవాటికి తరచూ జరిగే చికిత్స.

పిడుగు పడ్డట్టు సెకన్లలో వచ్చిన, జీవితంలో ఎన్నడూ రానంత తలనొప్పి వస్తే మాత్రం కొలతల గురించి ఆలోచించకూడదు, నేరుగా ఆస్పత్రికి పోవాలి.

పక్షవాతం లక్షణాలకూ అంతే. మూతి వంకర, మాట ముద్ద, ఒక వైపు చెయ్యో కాలో పట్టు తప్పడం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా సమయం నాలుగున్నర గంటలు. పెద్ద ధమనిలో గడ్డను గొట్టంతో బయటికి లాగే చికిత్సను ఎంపిక చేసిన రోగుల్లో 24 గంటల వరకూ చేస్తారు, సీటీ యాంజియోలో ఏ ధమని, ఎక్కడ మూసుకుందో చూశాకే. ఖని నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైనే. కాబట్టి లక్షణాలు మొదలైన టైం కాగితం మీద రాసుకోవాలి. సీటీ, ఇంజెక్షన్ ఎక్కడ దగ్గరగా దొరుకుతాయో ముందే తెలుసుకుని ఉండాలి. పొద్దున్నే చూద్దామని రాత్రి ఇంట్లో పడుకోబెట్టడం, మూతి వంకరకు లఖ్వా అని తావీజు కట్టి ఆగడం వల్ల పోయే గంటలు తిరిగి రావు.

ఫైలు సంగతి

సింగరేణిలో మెడికల్ బోర్డు ముందుకు వెళ్లే కార్మికుల కుటుంబాలు రిపోర్టులోని శాతం మీద పెద్ద ఆశలో, పెద్ద భయమో పెట్టుకుంటాయి. అన్‌ఫిట్ అయితే వారసుడికి ఉద్యోగం అన్న లెక్క దాని వెనక ఉంటుంది. నాళం ఎంత ఇరుకైందన్న శాతం చేతి పట్టును గానీ మాటను గానీ కొలవదు. 80 శాతం ఇరుకుతో మామూలుగా పనిచేసేవాళ్లుంటారు, పెద్ద నాళాలన్నీ శుభ్రంగా ఉండి చిన్న నాళం మూతతో కాలు ఈడ్చేవాళ్లుంటారు. బలహీనత ఎంతన్నది న్యూరాలజిస్టు పరీక్షించి విడిగా రాయించుకోవాల్సిన విషయం.

స్కాన్ చేయించుకున్న చోట కాగితం రిపోర్టుతో పాటు బొమ్మల సీడీ కూడా అడిగి తీసుకోవాలి. చాలామంది పెద్ద ఫిల్మ్ షీట్లను చుట్టి అల్మారా మీద పెట్టి, సీడీని పారేస్తారు. ఫిల్మ్ మీద స్కేలు పెట్టి కొత్తగా కొలవడం కష్టం. సీడీలో అసలు బొమ్మలుంటాయి, రెండో డాక్టర్ అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ కొలిచి చూడగలడు. ఏడాది తర్వాత ఇంకో స్కాన్ తీసినప్పుడు పక్కపక్కన పెట్టి పోల్చడానికి కావాల్సిందీ అదే. సీడీ కవర్ మీద తేదీ, స్కాన్ రకం, మందు ఎక్కించారా లేదా అన్న మూడు ముక్కలు పెన్నుతో రాసి, క్రియాటినిన్ రిపోర్టుతో కలిపి ఒకే సంచిలో పెట్టుకుంటే సరి.